టెక్నాలజీ పట్టము: ఇద్దరు వియ్యంకుల సంవాదము

టెక్సాసు రాష్ట్రమున డల్లాసు నగరపు పొలిమేరలో స్థిరపడిన యొక తెలుగు కుటుంబమున, హైస్కూలు చదువు ముగించుచున్న పిల్లవానికి రెండు కళాశాలలనుండి ప్రవేశపత్రములు వచ్చినవి. ఒకటి ఎలక్ట్రికల్ ఇంజనీరింగునకు, మఱియొకటి ఎలక్ట్రానిక్సు ఇంజనీరింగు టెక్నాలజీకి. రెండును నాలుగేండ్ల చదువులే, రెండును బాచిలర్ ఆఫ్ సైన్సు పట్టములే. ఏ దారి పట్టవలెనో మే నెల మొదటి తేదీలోపల తేల్చవలసియుండగా, మనుమని చూచిపోవుటకు వచ్చియున్న తాతలిద్దఱు ఆ భారమును తమ నెత్తిన వేసికొనిరి. తండ్రికి తండ్రియైన జగన్నాథముగారు కాకినాడవైపు పాలిటెక్నిక్కులలో అధ్యాపకత్వము చేసి విశ్రాంతి గైకొన్నవారు. తల్లికి తండ్రియైన సీతాపతిగారు హైదరాబాదులో ఎలక్ట్రానిక్సు పరికరములకు రూపకల్పన చేయు ఇంజనీరుగా పనిచేసినవారు. చేతిపని నేర్పినవాడు ఇంజనీరింగు పక్షమును, ఇంజనీరై బ్రదికినవాడు టెక్నాలజీ పక్షమును వహించుట చూచువారికి విపరీతముగా దోచవచ్చును గాని, ఎవరి లోటు వారికి దెలిసినంతగా పరులకు దెలియదు గదా.

జగన్నాథము: బావగారూ, నా పక్షమును ముందే చెప్పుదును. పిల్లవాడు ఇంజనీరింగులోనే చేరవలెను. నేను ఉద్యోగకాలమంతయు డిప్లొమా విద్యార్థులకు పాఠములు చెప్పినవాడను. వారి హస్తనైపుణ్యమును నాకన్న మిన్నగా మెచ్చుకొనువారుండరు. అయినను, ఇరువదిరెండవయేట కర్మాగారమున అందఱికంటె ముందుగా యంత్రదోషమును పట్టగలిగినవాడే నలుబదవయేట, ఏ యంత్రమును కొనవలెనో నిర్ణయించు గదిలోనికి పిలుపు రాక, తనకన్న చిన్నవాడైన పట్టభద్రునికి కొలతలందించుచు నిలిచిపోవుటను పెక్కుమాఱులు చూచితిని. మన యొద్ద ఈసెట్ ప్రవేశపరీక్ష వ్రాసి బి.టెక్. రెండవ సంవత్సరమున చేరు మార్గమున్నది గనుక కొందఱా గోడను దాటిరి. దాటలేనివారికి బుద్ధి చాలక కాదు; గణితము ఆగినచోటనే దారియు నాగినది.

సీతాపతి: మీరు మన డిప్లొమాను మనసునందుంచుకొని ఇచ్చటి పట్టమును శంకించుచున్నారు. ఇది మూడేండ్ల డిప్లొమా కాదు, నాలుగేండ్ల పట్టము. పర్డ్యూ విశ్వవిద్యాలయమున ఉన్నది, టెక్సాస్ ఏ అండ్ ఎం.లో ఉన్నది, ఇది ఏ సందులోనో పుట్టినది కాదు. దీని పుట్టుకను విచారించినచో మీ శంక సగము తీరును. రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వము అమెరికాలో ఇంజనీరింగు విద్యార్థి కొలిమిలోను, లేతు యంత్రము కడను, యంత్రశాలలోను చాల కాలము గడపెడివాడు. 1955లో ఇంజనీరింగు విద్యను గూర్చి గ్రింటర్ అధ్యక్షతన వెలువడిన సంఘనివేదిక ఇంజనీరింగునకు భౌతికశాస్త్రమును గణితమును పునాది కావలెనని ఘోషించెను. 1957లో రష్యావారు స్పుత్నిక్కును ఎగురవేయగా ఆ ఘోషకు ప్రభుత్వధనమును తోడయ్యెను. కళాశాలలు సమీకరణములను చేర్చుకొని కార్యశాలలను తగ్గించుకొన్నవి. అట్లు ఖాళీయైన స్థానమును నింపుటకే 1960వ దశాబ్దమున నాలుగేండ్ల ఇంజనీరింగు టెక్నాలజీ పట్టములు విరివిగా వెలసినవి. అనగా, నేడు మీరు తక్కువచూపు చూచుచున్న ఈ చదువే ఒకనాటి ఇంజనీరింగునకు నిజమైన వారసురాలు.

జగన్నాథము: వారసత్వము నిజమే కావచ్చును; కాని ఆ నివేదిక యేల అవసరమయ్యెనో దానిని మీరు చెప్పలేదు. యుద్ధకాలమున రాడారును నిర్మింపవలసివచ్చినప్పుడు మసాచుసెట్స్ ప్రయోగశాలలో ముందు నిలిచి పనిచేసినవారిలో భౌతికశాస్త్రజ్ఞులే అధికులు. అప్పటి ఇంజనీర్లకు మోటార్లును జనరేటర్లును దెలియును. మైక్రోతరంగములను గూర్చి యోచించుటకు వలయు గణితము వారికి తగినంత లేకపోయెను. తెలిసిన యంత్రమును నడపుటకు చాలిన చదువు, తెలియని యంత్రము ఎదురైనప్పుడు చాలకపోయెనన్నమాట. పాత ఇంజనీరింగు ఏ పరీక్షలో తప్పినదో, దాని వారసురాలు ఆ పరీక్షలో నెగ్గుననుటకు మీయొద్ద నిదర్శనమేమి?

సీతాపతి: నిదర్శనము చెప్పెదను. 741 అను ఆప్ ఆంప్ చిప్పు మీకు చిరపరిచితము. 1968లో ఫెయిర్‌చైల్డు వారు దానిని విడుదల చేసిరి. నేటికిని మన పిల్లలు ల్యాబులో దానితోనే అక్షరాభ్యాసము చేయుచున్నారు. నాయొద్దకు మొదటి శ్రేణిలో ఉత్తీర్ణులై వచ్చిన యువ ఇంజనీర్లకు దానితో ఒక యాంప్లిఫయరు కట్టుడని చెప్పెడివాడను. 20 కిలోహెర్ట్జుల సైను తరంగము, పది వోల్టుల శిఖరముతో బయటికి రావలెను. కాగితముమీద రెండు రెసిస్టర్ల నిష్పత్తి చూపి గెయిను సరిపెట్టెడివారు. ఆసిలోస్కోపులో చూడగా సైను తరంగమునకు బదులు ముక్కోణపు తరంగము కనబడెడిది. ఆ చిప్పు సెకనులో పదిలక్షలవవంతున అరవోల్టు కంటె వేగముగా కదలలేదు. ఆ లెక్కన 20 కిలోహెర్ట్జులయొద్ద అది సరిగా ఇయ్యగలిగిన శిఖరము నాలుగు వోల్టులు మాత్రమే. ఆ పరిమితి డేటాషీటులో అచ్చుపడియున్నది. కాని ఆదర్శ ఆప్ ఆంపును బల్లమీద గీసి మార్కులు సంపాదించినవారికి డేటాషీటు తెఱచు అలవాటే లేదు. టెక్నాలజీ విద్యార్థి రెండవ సంవత్సరముననే ఆ ముక్కోణమును చూచును, చూచి మఱచిపోడు.

జగన్నాథము: చూచును, కాని ఎందుకట్లయ్యెనో చెప్పగలడా? మీ ఉదాహరణమునకు నాదొక ఉదాహరణము. నేటి సర్క్యూటు బోర్డుపై సంకేతము ఒక నానోసెకనులో సుమారు పదునైదు సెంటీమీటర్లు పోవును. సంకేతము లేచు కాలమే ఒక నానోసెకనైనప్పుడు, జానెడు పొడవైన రాగిగీత మామూలు తీగవలె వర్తింపదు. అది ట్రాన్స్‌మిషన్ లైను. చివర తగిన నిరోధము లేకున్న సంకేతము ప్రతిఫలించి వెనుకకు వచ్చును, తెరమీద అలలవలె ఊగును. అనుభవజ్ఞుడైన టెక్నీషియను గీత మొదట 33 ఓములు పెట్టును, ఊగుట తగ్గును. ముప్పదిమూడేయేల యని అడిగిన “అదియే పెట్టుచున్నాము” అనును. చిప్పులోపలి నిరోధము పదునేడు ఓములదాక ఉండి, దానికి ఈ ముప్పదిమూడును జేరిన గీతకున్న యేబది ఓములతో సరిపోవునని విద్యుదయస్కాంత క్షేత్రములు చదివినవానికి దెలియును. మఱుసటి యేడు గీత లక్షణము మాఱి తొంబది ఓముల జంటగీత వచ్చినప్పుడు మొదటివాడు చేతికందిన రెసిస్టర్లన్నియు పెట్టి చూచుచుండును, రెండవవాడు లెక్క వేసి ఒకటి పెట్టును. టెక్నాలజీ పట్టములలో పెక్కింట ఈ క్షేత్రముల పాఠమే లేదు. ఉన్నచోట ఐచ్ఛికము.

సీతాపతి: ఇది బలమైన వాదమే, పూర్తిగా కాదనలేను. కాని సృష్టియంతయు గణితపుటంచుననే పుట్టునని మాత్రము అనకుడు. ఈ డల్లాసులోనే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో జాక్ కిల్బీ 1958 సెప్టెంబరు 12న మొదటి ఇంటిగ్రేటెడ్ సర్క్యూటును పనిచేయించి చూపెను. అదెట్లుండెను? జెర్మేనియపు చిన్న ముక్క, దానిపై కంటికి కనబడు సన్నని బంగారుతీగలు. చేతితో కట్టిన బొమ్మవంటి ఆ వస్తువు తెరమీద సైను తరంగమును పుట్టించగా, దానినుండియే 2000లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను.

జగన్నాథము: ఆయన పట్టము ఎలక్ట్రికల్ ఇంజనీరింగేగాని టెక్నాలజీ కాదు. పైగా మిల్వాకీలో ఉద్యోగము చేసికొనుచునే మాస్టర్సు కూడ చదివెను. మన తెలుగువారిలో చూడుడు: మొగల్లునుండి బయలుదేఱిన అయ్యగారి సాంబశివరావుగారు కాశీలో భౌతికశాస్త్రము, స్టాన్‌ఫర్డులో ఇంజనీరింగు చదివి వచ్చినందుననే, 1967లో హైదరాబాదున ఎలక్ట్రానిక్సు కార్పొరేషను ఆఫ్ ఇండియా (ఇ.సి.ఐ.ఎల్.)ను నెలకొల్పి విదేశపు పటములు లేకయే పరికరములు చేయింపగలిగిరి. కాని మహాపురుషులను విడిచిపెట్టుదము. మన పిల్లవాడు నోబెల్ బహుమానమునకై కాదు, బ్రదుకుతెఱువునకై చదువుచున్నాడు. ఆ బ్రదుకుతెఱువున ఏయే తలుపులు మూయబడునో చెప్పెదను, వినుడు. ఈ టెక్సాసులోనే ప్రొఫెషనల్ ఇంజనీరు లైసెన్సునకు, గుర్తింపుగల ఇంజనీరింగు పట్టము గలవానికి నాలుగేండ్ల అనుభవము చాలును. టెక్నాలజీ పట్టము గలవానికి ఎనిమిదేండ్లు కావలెను. కొన్ని రాష్ట్రములలో ఆ తలుపు తెఱచుకొననే తెఱచుకొనదు. కేంద్రప్రభుత్వపు ఇంజనీరు కొలువునకు ఇంజనీరింగు పట్టభద్రుడు నేరుగా అర్హుడు. టెక్నాలజీ పట్టభద్రుడో, ఇంజనీరు పర్యవేక్షణలో ఒక యేడు వృత్తి అనుభవము వంటి మఱియొక ఆధారమును చూపవలెను. మాస్టర్సునకు పోవలెననిన, ముందు కొన్ని గణితపు పాఠములు అదనముగా చదివి రమ్మని పెక్కు విశ్వవిద్యాలయములు చెప్పును. ఒక్కొక్కటి చిన్నదే, కాని వీనియన్నింటి మూల్యమును ముప్పదియేండ్లవాడు చెల్లింపవలెను, నిర్ణయించినవాడు పదునెనిమిదేండ్లవాడు.

సీతాపతి: లైసెన్సు మాట నిజమే, కాని దాని బరువును మీరు పెంచుచున్నారు. వంతెనలు కట్టువానికి, భవనములకు విద్యుత్తును ఏర్పాటుచేయువానికి అది ప్రాణము. కర్మాగారములలో చిప్పులును పరికరములును చేయు ఎలక్ట్రానిక్సు ఇంజనీర్లలో అధికసంఖ్యాకులు ఆ లైసెన్సు లేకయే ఉద్యోగము చేసి విశ్రాంతి పొందుచున్నారు. ఇక వేఱొక తలుపు సంగతి మీరు ఎత్తలేదు. ఇంజనీరింగున చేరినవారిలో ఎందఱు మొదటి రెండేండ్ల కలనగణితముతో పోరాడలేక మధ్యలో విడిచిపోవుచున్నారో మీకు దెలియనిది కాదు. ఏ పట్టమును లేక, అప్పు మాత్రము మిగిలి, ఇంటికి వచ్చిన పిల్లవానికి నలుబదవయేట తెఱచుకొను తలుపుల జాబితా ఏమి ప్రయోజనము? మన మనుమడు గ్యారేజీలో పాత రేడియోలను విప్పి కూర్చువాడు. పరీక్షకాగితము మీద మాత్రము చెమటలు పట్టువాడు. ముందు చేతిలో వస్తువు, తరువాత దాని లెక్క అను క్రమమున చదువు వచ్చినచో నిలుచును. క్రమము తలక్రిందులైనచో జాఱిపోవును.

జగన్నాథము: ఆ మాటకు నేను సగము లొంగుదును. అయితే ఈ టెక్నాలజీ యను పేరు వెనుక ఎంత మోసము జరిగినదో గూడ చెప్పక తప్పదు. ఐ.టి.టి. టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ అను వ్యాపారసంస్థ దేశమంతట శాఖలు తెఱచి ఎలక్ట్రానిక్సు పట్టములను అమ్మినది. 2016 సెప్టెంబరులో ఒక్కమాఱుగా మూతపడి వేలమంది విద్యార్థులను నడివీథిలో నిలిపినది. ఆ చదువులకై చేసిన అప్పులలో 390 కోట్ల డాలర్లను 2022లో కేంద్రవిద్యాశాఖ రద్దుచేయవలసివచ్చెను. ఆ 2016లోనే, తమ పట్టభద్రులలో ఉద్యోగమునకై వెదకినవారిలో నూటికి తొంబదిమందికి ఉద్యోగములు దొరకుచున్నవని ప్రకటించుకొన్న డెవ్రీ విశ్వవిద్యాలయము, ఆ ప్రకటన మోసపూరితమని ప్రభుత్వము దావా వేయగా, పది కోట్ల డాలర్లకు రాజీపడెను. అమ్మువాని నోట వినిన అంకెను నమ్మి పిల్లవానిని అప్పులో దింపరాదు.

సీతాపతి: దానికి ఎవరును అడ్డుచెప్పరు, కాని ఆ మోసము కళాశాలదిగాని చదువుది కాదు, టెక్నాలజీది అసలే కాదు. దానిని వడగట్టుటకు సాధనములున్నవి. గుర్తింపు రెండంతస్తులు గలది. కళాశాలకు మొత్తముగా వచ్చు గుర్తింపు ఒకటి, ఆ పట్టమునకు విడిగా వచ్చునది రెండవది. మొదటిది ఐ.టి.టి.కిని ఉండెను, చాలినదా? రెండవదానినిచ్చు సంస్థ ఏబెట్. 1932లో వేఱు పేరుతో పుట్టి వృత్తిసంఘముల ఆధ్వర్యమున నడచుచున్నది. దాని క్రింద ఇంజనీరింగునకొక కమిషను, ఇంజనీరింగు టెక్నాలజీకి మఱియొక కమిషను. కళాశాలవారి పత్రికలో “ఏబెట్ గుర్తింపు” అని వ్రాసిన చాలదు. ఏ కమిషను, ఏ పట్టమునకు, ఏ ప్రాంగణమున అను మూడింటిని ఏబెట్ వారి జాబితాలోనే చూచుకొనవలెను. ఒకే విశ్వవిద్యాలయమున ఒక ప్రాంగణపు పట్టమునకు గుర్తింపుండి, మఱియొక ప్రాంగణపు పట్టమునకు లేకపోవచ్చును. అట్లే జీతము మాట కళాశాలవారిని అడుగనక్కఱలేదు. కేంద్రవిద్యాశాఖవారి కాలేజి స్కోర్‌కార్డులో పట్టభద్రుల సంపాదనయు అప్పును శాఖలవారీగా కనబడును.

జగన్నాథము: బాగున్నది. కాని ఆ గుర్తింపు కనీసపు మెట్టు మాత్రమే. ఇంజనీరింగు కమిషను గణితమును ప్రాథమిక విజ్ఞానములును కలిపి ముప్పది క్రెడిట్లకు తగ్గరాదనును. టెక్నాలజీ కమిషను కలనగణితమో, లేక బీజగణిత త్రికోణమితులకు మించిన మఱియొక గణితమో ఉన్న చాలుననును. ఆ “మఱియొక” అను సందులో ఎంత లోతైన చదువైనను పట్టును, ఎంత పలుచని చదువైనను పట్టును. అందుచేత నా మొదటి ప్రశ్న యిది: తప్పనిసరియైన చివరి గణితపాఠమేది, దాని తరువాత దానిని వాడుకొను పాఠమేది? అవకలన సమీకరణములు చెప్పి, వానిని ఫిల్టర్లలోను కంట్రోలు పాఠములలోను వాడనిచో అది అలంకారము. చెప్పక, ఆ పాఠములను సూత్రములు వల్లెవేయించి నడుపుచున్నచో అది వంచన.

సీతాపతి: మీ ప్రశ్న సరియైనదే. నా ప్రశ్న ల్యాబును గూర్చినది. పరికరములు క్రొత్తవా, ఆసిలోస్కోపు తలకొకటి వచ్చునా అని అందఱును అడుగుదురు, నేనది యడుగను. నిరుడు చదివిన విద్యార్థి నోటుపుస్తకమొకటి చూపుడని యడుగుదును. అందులో కొలతకు ముందు లెక్క ఉన్నదా లేదా చూతును. “ఇంత రావలెను” అని ముందే వ్రాసి, పిమ్మట “ఇంత వచ్చినది” అని వ్రాసి, ఆ రెంటికి నడుమ తేడా యెందుకో ఒక వాక్యమైనను వ్రాసియుండవలెను. పది లక్షల ఓముల నిరోధముగల మూలమునుండి మామూలు తీగతో సంకేతమును చూచినప్పుడు, ఆ తీగకున్న నూఱు పికోఫారడ్లు చేరి 1.6 కిలోహెర్ట్జుల పైనున్నదంతయు కుంగిపోవును. సర్క్యూటు మంచిదే, కొలుచు తీగయే దొంగ. ముందు లెక్క వేసినవాడు తేడాను చూచి దొంగను పట్టును. లెక్క వేయనివాడు మంచి సర్క్యూటును విప్పిపాఱవేయును. అంకెలు మాత్రమే వరుసగా నింపిన నోటుపుస్తకమున్నచో, అది టెక్నాలజీ పట్టమైనను ఇంజనీరింగు పట్టమైనను నేను మనుమని చేర్పను.

జగన్నాథము: ఆగుడు బావగారూ, మీరు మీకు తెలియకయే నా పక్షమునకు వచ్చుచున్నారు. ముందు లెక్క వేయుటకు గణితము కావలెను గదా!

సీతాపతి: మీరును నా పక్షమునకు వచ్చుచున్నారు. తేడా కనబడుటకు కొలత కావలెను గదా! మనము రెండు పట్టములను ఇంతసేపు ఎదురెదురుగా నిలిపినది వాని పేర్లను చూచి. ఎలక్ట్రానిక్సు విద్యకు గణితము ఒక కన్ను, కొలత రెండవ కన్ను. ఏ కళాశాలయందు ఆ రెండును ఒకే పుటమీద కలిసికొనునో అది మంచిది. పేరు దానికి తలపాగా మాత్రమే.

జగన్నాథము: అట్లయినచో నా సందేహమొక్కటి మిగులును. రెండు కళాశాలలును మన ప్రశ్నలకు సమానముగ జవాబు చెప్పినవనుకొందము. అప్పుడేమి చేయుదుము? నేను ఇంజనీరింగే అందును. లోటుపడిన చేతిపనిని ఉద్యోగమున చేరిన పిమ్మట పెద్దల ప్రక్కన నిలిచి నేర్చుకొనవచ్చును. లోటుపడిన గణితమును మాత్రము, భార్యాబిడ్డలు కలిగిన పిదప రాత్రికళాశాలకు పోయి నేర్చుకొను ఓపిక నూటికొకనికైనను ఉండునా?

సీతాపతి: నేను తలక్రిందుగా అందును. గణితమునకు పుస్తకము చాలును, ఒంటరిగా ఏ వయసుననైనను చదువవచ్చును. నాలుగుగంటలసేపు బల్లయొద్ద కూర్చుండి చిప్పులను కాల్చుకొనుచు తప్పులుచేయుటకు జీతమిచ్చు యజమానిని మాత్రము నేనింతవఱకు చూడలేదు. ఆ స్వేచ్ఛ కళాశాలలోనే దొరకును. మీరన్న ఓపిక నూటికొకనికుండును. నేనన్న అవకాశము నూటికొకనికిని రాదు.

జగన్నాథము: ఇచ్చట మన వాదము తేలదు. తేలకపోవుటకు కారణము గూడ దెలియుచున్నది: అది కళాశాలను గూర్చిన ప్రశ్న కాదు, పిల్లవానిని గూర్చిన ప్రశ్న. ఏ లోటును తాను తరువాత పూరించుకొనగలడో అతనికే దెలియవలెను. కళాశాలను గూర్చిన ప్రశ్నలను మాత్రము ఇప్పుడే రెండు చోట్లకును వ్రాయింతము. గుర్తింపు ఏ కమిషనుది. చివరి గణితమేది, దానిని వాడు పాఠమేది. నిరుటి నోటుపుస్తకము చూపుదురా. పట్టభద్రులలో మాస్టర్సునకు పోయినవారు అదనముగా ఏమి చదువవలసివచ్చెను. చేరినవారిలో ఎందఱు ముగించిరి.

సీతాపతి: వ్రాయింతము. వానిలో మూడవదానిని మొదట పెట్టించుడు. తక్కినవానికి ప్రవేశాల కార్యాలయమువారే జవాబు వ్రాసి పంపగలరు. నోటుపుస్తకము మాత్రము ల్యాబులో పాఠము చెప్పువాడే తీసి చూపవలెను. అతడు మన ఉత్తరమును చూచి విసుగుకొనునో సంతోషించునో, ఆ ఒక్కదానివలననే సగము నిర్ణయము తేలును.